మూలుగ నుంచి కాలేయానికి బదిలీ

మా పరిశోధన సంస్థలో కుక్క కూడా రూలు ప్రకారమే ఉంటుంది. ఎగతాళికి అంటున్న మాట కాదిది. కొన్నేళ్ల కిందట స్టోర్సు వాళ్లు అన్నం పెట్టి పెంచిన కాపలా కుక్క చెప్పా పెట్టకుండా క్యాంటీను వైపు మకాం మార్చేసింది. ఆ వారమే స్టోర్సులో రెండు ఫ్యాన్లు మాయమయ్యాయి. బాధ్యత నీదంటే నీదని స్టోర్సూ క్యాంటీనూ కొట్టుకుంటుంటే, డైరెక్టరు గారు ఒక ఉత్తర్వు జారీ చేశారు. "సంస్థ ఆవరణలో ప్రాణముతో నుండి, సంస్థ ఖర్చుపై భుజించుచు, సంస్థకు ఉపకరించు పని చేయు ప్రతి జీవియు సిబ్బందిగా పరిగణింపబడును. అట్టి జీవి ముందస్తు అనుమతి లేనిదే ఒక విభాగము నుండి వేరొక విభాగమునకు మారరాదు." కుక్క తిరిగి స్టోర్సుకి వచ్చింది. అది పోయాక కూడా ఉత్తర్వు మిగిలింది.

ఆ ఉత్తర్వు రాసింది నేనే. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను సూపరింటెండెంటుగా నా సర్వీసంతా రాసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే. అందుకే, డాక్టర్ ఉదయిని తన ల్యాబులోకి అందర్నీ పిలిచి స్వీట్లు పంచిన రోజున, నాకు ఆ ఉత్తర్వే ముందు గుర్తొచ్చింది.

విషయం ఏమిటంటే, మా లిఫ్టు ఆపరేటరు సింహాచలానికి కాలేయం పాడైంది. మంచి మనిషి. లిఫ్టులో ఎంతమంది ఉన్నా నన్ను చూస్తే చాలు, ముందు నా అంతస్తుకే పోనిచ్చేవాడు. మందు అలవాటు లేదు, ఎప్పుడో వచ్చిన కామెర్లు లోపల్లోపలే ముదిరాయట. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట నీరు పట్టింది. కాలేయం మార్చాలన్నారు. భార్య నూకాలమ్మ తనది కోసి ఇస్తానంది గానీ ఆవిడది ఆయనకి సరిపోలేదు. చనిపోయిన వాళ్ల నుంచి వచ్చే కాలేయాల కోసం వరసలో నిలబడితే, ఆ వరస కదిలేలా లేదు.

అప్పుడు ఉదయిని ముందుకొచ్చింది. సింహాచలం తుంటి ఎముకలోంచి కాస్త మూలుగ తీసి, అందులోని మూలకణాల్ని విడదీసి, ఏవో రసాలు పోసి పెంచి, వాటిచేత కాలేయం పని చేయిస్తానంది. వాటిని సూదితో కాలేయంలోకి ఎక్కిస్తే, అసలు కాలేయం తేరుకునేదాకానో, వరసలో ఆయన వంతు వచ్చేదాకానో పని నెట్టుకొస్తాయట. పని చేస్తుందన్న హామీ లేదని, ఇది ప్రయోగమేనని మొగుడూ పెళ్లాలకి ముందే చెప్పింది. వాళ్లు సరేనన్నారు. మందుల ప్రయోగాలకి కావలసిన అనుమతులన్నీ ఆవిడ తెచ్చుకుంది. తెచ్చుకోనిది మా సెక్షను అనుమతి ఒక్కటే.

ఆ రోజు ల్యాబులో ఆవిడ మైక్రోస్కోపులోంచి నాకూ చూపించింది. మొదట్లో నూలు పోగుల్లా ఉండేవట. ఇప్పుడు గచ్చు మీద పరిచిన పెంకుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. "మొన్నటిదాకా ఇవి ఎముక మూలుగలో ఉన్నాయి. ఇప్పుడు కాలేయం చేసే పనులు చేస్తున్నాయి" అంది ఉదయిని, ఆనందంతో కళ్లు తుడుచుకుంటూ. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక నేను, "ఎవరి అనుమతితో?" అని అడిగాను.

ఆవిడ నవ్వింది. శాస్త్రవేత్తలకి ఉన్న జబ్బే అది, అడిగిన ప్రశ్నని జోకనుకుంటారు. నేను ఉత్తర్వు చదివి వినిపించాను. ప్రాణం ఉందా? ఉంది. సంస్థ ఖర్చు మీద తింటున్నాయా? రోజు విడిచి రోజు గులాబీ రంగు ఆహారం పోస్తున్నారు. సంస్థకి ఉపయోగపడే పని చేస్తున్నాయా? అందుకేగా స్వీట్లు. మరి ఎముకల విభాగం నుంచి కాలేయ విభాగానికి ఎలా మారాయి? స్వీటు నోట్లో పెట్టుకున్న డైరెక్టరు గారు నమలడం ఆపారు.

"శాస్త్రము వేరు, సర్వీసు వేరు" అన్నారాయన మింగి. "శాస్త్రములో మార్పు దానంతటదే రావచ్చును. సర్వీసులో మార్పునకు ఉత్తర్వు రావలెను. ఉదయిని గారూ, క్రమబద్ధము చేయించుకొనుడు."

మర్నాడే కణాలకి మెమో ఇచ్చాను. అనుమతి లేకుండా విభాగం మారినందుకు, నియామకం లేని పోస్టులో విధులు నిర్వర్తించినందుకు, పెంపకం సమయంలో మంజూరు లేకుండా సిబ్బంది సంఖ్యను పలుమార్లు రెట్టింపు చేసినందుకు సంజాయిషీ అడిగాను. తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే, రూలు ప్రకారం ఇద్దరు సాక్షుల ఎదుట ఇంక్యుబేటరు తలుపుకి అంటించాను. కణాల్ని ఒంటి వేడిలో ఉంచే పెట్టె అది. వాటి తరఫున తాను జవాబు రాస్తానంది ఉదయిని. అలా రాయడానికి అవి ఆవిడకి అధికారం ఇచ్చినట్టు సంతకాలేవని అడిగాను. గడువు దాటింది. సంజాయిషీ లేదని నమోదు చేశాను.

నేను కఠినుణ్నని ల్యాబులో చెప్పుకున్నారట. నిజానికి ఆ కణాలకి దారి చూపించాలని నేను పడ్డ తాపత్రయం ఇంకెవరూ పడలేదు. ఎముకల విభాగం ప్రొఫెసరు గారి దగ్గరికి స్వయంగా వెళ్లి, వీటిని రిలీవ్ చేస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటానని బతిమాలాను. ఆయన ఆ కణాల మొహం ఎన్నడూ చూసినవాడు కాదు. నేను అడిగాక మాత్రం వాటి మీద ఎక్కడలేని మమకారం పుట్టుకొచ్చింది. తమ విభాగంలో ఉన్నదే అరకొర సిబ్బంది అని, ఇన్ని లక్షల మందిని ఒక్కసారి వదులుకుంటే పని ఎలా సాగుతుందని, బదులు మనుషుల్ని చూపిస్తేనే రిలీవ్ చేస్తానని కచ్చితంగా చెప్పారు.

కాలేయ విభాగం ప్రొఫెసరు గారిది ఇంకో ఇబ్బంది. ఉదయిని తన రిపోర్టులో ఎక్కడా కాలేయ కణాలని రాయలేదు, కాలేయం లాంటి కణాలని రాసింది. "లాంటి వాళ్లకి మా దగ్గర మంజూరైన పోస్టు లేదు. రేపు ప్రొఫెసరు లాంటి వాడొకడు వచ్చి నా కుర్చీ అడుగుతాడు. లేచి ఇవ్వమంటారా?" అన్నారు. కాదనలేకపోయాను. ఆ ఒక్క మాట కొట్టేస్తే పని జరిగిపోతుందని ఉదయినికి చెవిలో వేశాను. ఆవిడ ఒప్పుకోలేదు. అవి కాలేయ కణాల పనుల్లో చాలావరకు చేస్తాయి గానీ అన్నీ చేయవట, చేస్తాయని రాస్తే అబద్ధమట. ఉద్యోగంలో చేరేటప్పుడు అన్ని పనులూ వచ్చని రాయనివాణ్ని నేను మొదటిసారి చూశాను.

డిప్యుటేషన్ మీద పంపిద్దామంటే సొంత విభాగం ఒప్పుకోవాలి. ఇన్‌ఛార్జిగా వేద్దామంటే ప్రొబేషను పూర్తయిన వాళ్లనే వేయాలి. ప్రొబేషను రెండేళ్లు. కణాలు అన్నాళ్లు ఉండవండీ అంది ఉదయిని. ప్రొబేషనులోనే పోయిన వాళ్లు మా సంస్థలో చాలామంది ఉన్నారని, వాటికేమీ అన్యాయం జరగడం లేదని నచ్చజెప్పాను.

అప్పుడు ఆవిడ నా బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"సూపరింటెండెంటు గారూ, ఆ కణాలు ఆయనవి. ఆయన ఒంట్లోంచి తీసి ఆయన ఒంట్లోకే పంపిస్తున్నాం. దీనికి బదిలీ ఏమిటండీ?"

"అమ్మా, ఒకే ఊళ్లో ఈ వీధి ఆఫీసు నుంచి పక్క వీధి ఆఫీసుకి మారినా బదిలీ బదిలీయే. ఇల్లు మారకపోయినంత మాత్రాన ఉత్తర్వు అక్కర్లేదంటామా?"

ఆవిడ నన్నొక చూపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఎవరికీ చెప్పకుండా ఎక్కించేస్తుందేమోనని డైరెక్టరు గారికీ అనుమానం వచ్చి, ఇంక్యుబేటరుకి తాళం వేయించి తాళంచెవి నా చేతికిచ్చారు. అప్పట్నుంచి ఆహారం పోసే వేళకి నేనే వెళ్లి తాళం తీసేవాణ్ని. ఆవిడ పోసేది, నేను చూసేవాణ్ని, మళ్లీ వేసేవాణ్ని. ఒక్క పూట కూడా ఆలస్యం చేయలేదు.

ఈలోగా సింహాచలం మంచం దిగడం మానేశాడు. నాకు బాధగానే ఉంది. అనారోగ్యం వల్ల ఉద్యోగం చేయలేని వాళ్లని ఆ కారణం మీద రిటైరు చేసి, ఆ ఖాళీలో ఇంట్లో ఒకరిని తీసుకునే వీలు ఒకటుంది కదా, కాలేయానికి కూడా అదే వర్తింపజేద్దామని నాకు తట్టింది. పాత కాలేయాన్ని రిటైరు చేస్తే కొత్త కణాల్ని ఆ ఖాళీలో వేయొచ్చు. మెడికల్ బోర్డు కూర్చుంది. కాలేయం పూర్తిగా చేతులెత్తేసిందని సర్టిఫై చేయమన్నాను. బోర్డువారు ఫైలు ఆసాంతం చదివి, ఈ రోగి కాలేయం పనులు ఇంక్యుబేటరులో సంతృప్తికరంగా జరుగుచున్నవని సంస్థవారి రిపోర్టే చెప్పుచుండగా, కాలేయం పనిచేయడం లేదని ఎట్లు ధ్రువీకరింతుమని తిప్పి పంపారు. ఆ వాదనలో బిగువు ఉంది. నేను రాసినా అలాగే రాసేవాణ్ని.

చివరికి డైరెక్టరు గారు అన్ని విభాగాల వాళ్లతో సమావేశం పెట్టారు. జీడిపప్పు పకోడీలు తెప్పించారు. ఎముకలవారు తమ మాట మీద నిలబడ్డారు, కాలేయంవారు తమ మాట మీద. మధ్యలో ఉదయిని లేచి, ఆయనకి ఇంకెంతో టైము లేదంది. సమావేశానికి కూడా ఎంతో టైము లేదని, భోజనాలవేళ దాటుతోందని డైరెక్టరు గారు గుర్తు చేశారు. అందరూ నా వైపు చూశారు.

నేను ముందురోజంతా రూల్సు పుస్తకం తిరగేసి వచ్చాను. సర్వీసులో ఒకే ఒక్క నియామకం ఉంది, దానికి వయసు అడ్డు రాదు, అర్హతల్లో సడలింపు ఉంటుంది, ఇంకో విభాగం రిలీవ్ చేయనక్కర్లేదు, కొత్త పోస్టు కూడా అక్కర్లేదు. దానికి అభ్యంతరం పెట్టిన అధికారిని నేనింతవరకు చూడలేదు. కారుణ్య నియామకం. ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే, ఆయన మీద ఆధారపడిన దగ్గర రక్తసంబంధీకులకి ఆయన ఖాళీలో ఉద్యోగం ఇస్తారు. ఈ కణాలకన్నా సింహాచలానికి దగ్గర రక్తసంబంధీకులు ఎవరున్నారు? పుట్టిందే ఆయన ఎముకలో. కాబట్టి ఆయన పోయిన మరుక్షణం ఆ కణాల్ని ఆయన కాలేయంలో నియమించడానికి ఏ ఆటంకమూ లేదని వివరించాను.

ఎముకలవారు బల్ల చరిచి బాగుందన్నారు. కాలేయంవారు, కారుణ్యం అన్నాక 'లాంటి' అని, 'కాని' అని పేచీలు పెట్టడం మానవత్వం కాదన్నారు. "సమస్యకు పరిష్కారము మానవీయ కోణములో లభించినది" అని డైరెక్టరు గారు మినిట్సులో రాయించారు. ఉదయిని పకోడీ ముట్టలేదు. "ఆయన పోయాక ఎందుకండీ అవి?" అని ఒక్కటే అడిగింది. నియామకం గురించి మాట్లాడుతుంటే నియామకం ప్రయోజనం గురించి అడగడం సమావేశం పరిధిలో లేదని డైరెక్టరు గారు సున్నితంగా చెప్పారు.

శుభవార్త నేనే స్వయంగా చెబుదామని ఆసుపత్రి వార్డుకి వెళ్లాను. సింహాచలం మొహం పసుపు రాసినట్టుంది. నూకాలమ్మ తడిగుడ్డతో పెదాలు తుడుస్తోంది. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. విషయమంతా విడమరిచి చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"అంటే బాబూ, నాను పోతేగాని నా కార్జం నాకు రాదన్నమాట."

"రూలు ప్రకారం అంతే సింహాచలం. కానీ వస్తుంది, అది గట్టి."

ఓ మాట ఉంది గానీ అడగొచ్చో లేదోనన్నాడు. అడగమన్నాను. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తే ఈ రూల్సేవీ తనకి అంటవు కదా, అప్పుడు ఎక్కించేస్తారా అన్నాడు. తెలివైన ప్రశ్నే. కానీ రాజీనామా ఇస్తే అతను బయటి మనిషవుతాడు, బయటి మనిషి కణాలు సంస్థ పెట్టెలో ఉండకూడదు, ఆ రోజే ఖాళీ చేయించి పారబోయించాల్సి వస్తుంది. అది చెప్పాను. అతనికి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నొప్పితోనే నవ్వాడు. "మరైతే ఉద్యోగంలోనే పోతాన్లెండి బాబూ" అన్నాడు. నూకాలమ్మ నవ్వలేదు. గుడ్డ పిండి మళ్లీ తడుపుతూ, "ఏటా మాటలు" అని అతన్నే కసిరింది.

ఆ వారంలోనే సింహాచలం పోయాడు. సంస్థ తరఫున పూలదండ వేశాం. నాకు నిజంగా దుఃఖం వచ్చింది. ఆ దుఃఖంలోనే సెక్షనుకి తిరిగొచ్చి ఫైలు కదిపాను. మా సంస్థ చరిత్రలో ఏ ఫైలూ అంత వేగంగా నడవలేదు. నెలల తరబడి కదలని సంతకాలు ఒక్క పూటలో పడ్డాయి. "కీర్తిశేషులు ముగడ సింహాచలం గారి కాలేయములో ఏర్పడిన ఖాళీయందు కణములను కారుణ్య ప్రాతిపదికన నియమించడమైనది. వెంటనే విధులలో చేరవలెను" అని ఉత్తర్వు తయారైంది. అప్పటికి సింహాచలాన్ని దహనం చేసి వచ్చారు. చేరడానికి స్థలం లేకపోవడం ఉద్యోగుల తప్పు కాదు గనక, తదుపరి ఉత్తర్వులదాకా కణాలు పోస్టింగ్ కోసం వేచి ఉన్నట్టు నమోదు చేసి, ఇంక్యుబేటరులోనే ఉంచి ఆహారం పోయిస్తున్నాం.

పెద్దకర్మ అయ్యాక నూకాలమ్మ మా సెక్షనుకి వచ్చింది. పిల్లలు చదువుకుంటున్నారు, ఇల్లు గడవాలి. ఆయన పనే ఇప్పించమంది. లిఫ్టు బొత్తాలు నొక్కడం తనకీ వచ్చంది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆవిడకి అన్ని అర్హతలూ ఉన్నాయి. కానీ కారుణ్య నియామకం కుటుంబానికి ఒక్కటే. సింహాచలం తరఫున అది ఇచ్చేశాం.

"ఎవులికిచ్చినారు బాబూ?"

నోటితో చెబితే అర్థం కాదని ల్యాబుకి తీసుకెళ్లాను. తాళం తీశాను. ఉదయిని పళ్లెం బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, నూకాలమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి, కన్ను ఎక్కడ ఆనించాలో చూపించింది. నూకాలమ్మ కన్ను ఆనించింది. ఇవెవరివని అడిగింది. ఆయనవేనని చెప్పింది ఉదయిని. ఇంకా బతికే ఉన్నాయా అంటే ఉన్నాయంది. ఏం చేస్తున్నాయంటే, ఆయన కాలేయం చేయాల్సిన పని చేస్తున్నాయంది.

ఇక్కడ నేను నా వంతు సాయం చేశాను. దారి లేకపోలేదని నూకాలమ్మకి చెప్పాను. కారుణ్యం కింద చేరినవారు లేకుండా పోతే, ఆ అవకాశం తిరిగి కుటుంబానికే వస్తుంది. ఉదయిని కూడా ఆ మాటే అంది, వేరేగా. ఇవి ఇంకెవరికీ పనికిరావని, ఈ పెట్టె కరెంటు తీసేస్తే రెండు రోజుల్లో అయిపోతుందని, సరేనంటే ఇప్పుడే తీసేస్తానని, ఉద్యోగం నూకాలమ్మకి వస్తుందని చెప్పి స్విచ్చి మీద చెయ్యి వేసింది. అన్ని నెలలు కాపాడుకున్నది ఆవిడే.

నూకాలమ్మ మైక్రోస్కోపులోంచి తల ఎత్తింది. వెళ్లి ఉదయిని చేతిని స్విచ్చి మీదనుంచి తీసి, తన చేతిలో పట్టుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

"ఉండనియ్యండి బాబూ. ఒక్కపాలి సంపినారు కదా. సాల్దా?"

పళ్లెం లోపల పెట్టించి తాళం వేశాను. సెక్షనుకి వచ్చి, అభ్యర్థిని తన హక్కును స్వచ్ఛందముగా వదులుకొన్నారని నోటు రాసి, ఫైలు మూశాను.